నోరు జారిన ప్రార్థన

ప్రేమకుమారికి ఆ శుక్రవారం కూర్చునే యోగం లేదు. పొద్దున ఏడింటికి హెబ్బగోడిలోని గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ ముందు నిలబడింది. చొక్కా తిరగేయడం, వేలాడే దారాలు కత్తిరించడం, మరక కనిపిస్తే పక్కన పడేయడం, లేకపోతే ముందుకు తోసేయడం. పదిహేడేళ్లుగా అదే పని, అదే నిలబడడం. పన్నెండున్నరకు సూపర్‌వైజర్‌ను బతిమాలి సగం రోజు సెలవు తీసుకుని అనసూయమ్మ భూస్థాపనకు పరుగెత్తింది. అక్కడా నిలబడడమే.

అనసూయమ్మ వాళ్ల సంఘంలో అందరికన్నా పెద్దావిడ. ఎవరిచేతా చేయించుకోకుండా నిండు వయసులో దాటిపోయింది కాబట్టి ఏడుపులు కూడా పెద్దగా లేవు. చిక్కంతా పాస్టరుగారితో వచ్చింది. ఆయన సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, "సిస్టర్, మీరు కానివ్వండి" అని ఫోన్ చేశారు. కానివ్వడం ప్రేమకుమారికి కొత్త కాదు. ఇంటి దగ్గర ఒకసారి, పెట్టె బండిలోకి ఎక్కించేటప్పుడు ఒకసారి, గుంత దగ్గర ఒకసారి ప్రార్థన చేసింది. "ఈ లోక యాత్ర ముగించిన నీ బిడ్డను నీ సన్నిధికి చేర్చుకుంటున్నందుకు స్తోత్రం తండ్రీ. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని నీవే ఆదరించు." మూడోసారి అవే మాటలు చెబుతున్నప్పుడు ఆమె మనసంతా తన కాళ్ల పిక్కల మీదే ఉంది.

సాయంత్రం అయిదుకు మందిరం తాళం తీయడానికి వచ్చింది. మందిరం అంటే హార్డ్‌వేర్ షాపు పైన ఒక రేకుల హాలు, నాలుగు ఫ్యాన్లు, చుట్టి పెట్టిన చాపలు. భూస్థాపనకు పట్టుకెళ్లిన కుర్చీలు లోపల పెట్టించి, ఇంటికి పోయి పడుకోవాలని ఆమె ఆశ. మెట్ల మీద ఓబులేష్ కూర్చుని ఉన్నాడు. పక్కనే అతని భార్య నేత్రావతి టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపాయెనో వచ్చి. బండి మెయిన్ రోడ్డు మీద పెట్టొచ్చినాడు" అంది నేత్రావతి. "నాగపూర్ లోడు అక్కా. చెయ్యి పెట్టి పంపించు."

ఓబులేష్ జిగణి నుంచి గ్రానైట్ పలకలు తోలే లారీ డ్రైవరు. అతను సంఘంలో మనిషి కాదు. బయల్దేరే ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాడు. రెండేళ్ల కిందట మందిరానికి రావడం మొదలుపెట్టింది నేత్రావతి ఒక్కతే. ఆమెకు నిమ్మకాయ గిట్టదు. అయితే ఓబులేష్‌కు మాత్రం నిమ్మకాయ మీద ఎంత గురో ప్రేమకుమారి ప్రార్థన మీద అంతకన్నా ఎక్కువ గురి. పెళ్లాం రాక ముందు నుంచే, ఏడేళ్లుగా, ఏ లోడుకు పోయినా ముందు ఇక్కడికి వచ్చి తల వంచాల్సిందే.

ఈ ప్రయాణ ప్రార్థన ప్రేమకుమారికి ఎలా అంటుకుందో చెప్పాలి. ఒకప్పుడు సంఘం వాళ్లు వ్యాన్ కట్టుకుని గుంటూరు ప్రార్థన కూటాలకు పోతుంటే బ్రేకులు ఫెయిలయ్యాయి. వ్యాను పొలంలోకి దిగి పడుకుంది. పదమూడు మందిలో ఒక్కరికి చెయ్యి బెణికింది, అంతే. ఎక్కే ముందు ప్రార్థన చేసింది ప్రేమకుమారి అని ఎవరో సాక్ష్యం చెప్పారు. ఆ రోజుతో ఆమె నెత్తిన పడింది. ఎవరు ఊరికి పోయినా ఆమె చెయ్యి తల మీద పడాలి. చెయ్యి అందకపోతే ఫోనైనా రావాలి. ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని చేసే జెస్సీ అయితే స్లీపర్ బస్సు ఎక్కి మరీ ఫోన్ చేస్తుంది. "ఆంటీ, బస్ స్టార్ట్ అయిపోతోంది, క్విక్‌గా చిన్న ప్రేయర్ చేయరా ప్లీజ్" అంటుంది. ఆంటీ అన్నం ముద్ద చేతిలో పట్టుకునే కళ్లు మూస్తుంది.

అంతటితో అయిపోతే పర్వాలేదు. పోయినవాళ్లు "చేరాను" అని మెసేజ్ పెట్టేదాకా ఆమెకు కునుకు పట్టదు. చేరినవాళ్లలో సగం మంది ఆ సంగతే మరిచిపోయి హాయిగా నిద్రపోతారు. ఆమె మాత్రం ఫోన్ పక్కన పెట్టుకుని, ఏ టర్నింగులో ఏమైందోనని ఎదురుచూస్తుంది. తనకు విసుగొచ్చిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే దేవుడి పనికి విసుగేమిటంటారు. కానీ విసుగొచ్చింది. ఒళ్లంతా విసుగే.

ఆ సాయంత్రం కూడా కాదనలేదు. ఓబులేష్ తల వంచాడు. అతని జుట్టులో రాతి పొడి ఉంది. కళ్లు ఎర్రగా, రెప్పలు బరువుగా ఉన్నాయి. ప్రేమకుమారి అతని తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. రెప్పలు మూయగానే ఎంత హాయిగా అనిపించిందంటే, ఇక తెరవకూడదనుకుంది. నోరు తన పని తాను చేసుకుపోయింది. పైన ఫ్యాను తిరిగింది. నేత్రావతి "ఆమెన్" అంది. ఓబులేష్ ఒక క్షణం ఆలస్యంగా "ఆమెన్" అన్నాడు. తలెత్తి ఆమెను అదోలా చూసి, క్యారియర్ తీసుకుని దిగిపోయాడు.

ఇంటికొచ్చి, చారన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ప్రేమకుమారి చెవిలో తన గొంతే వినిపించింది. "యాత్ర ముగించిన నీ బిడ్డను నీ సన్నిధికి చేర్చుకుంటున్నందుకు స్తోత్రం తండ్రీ. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఆదరించు."

పళ్లెం పక్కకు తోసేసింది. బతికున్న మనిషి, పిల్లల తండ్రి, పాతిక టన్నుల రాయి వెనకేసుకుని పోతున్న మనిషి. అతని తల మీద చెయ్యి పెట్టి భూస్థాపన చేసేసింది. క్షేమంగా చేర్చు అనాల్సిన చోట చేర్చుకో అంది, పైగా దానికి స్తోత్రం కూడా చెప్పింది. పక్కన పెళ్లాన్ని నిలబెట్టుకుని మరీ.

ఓబులేష్‌కు ఫోన్ చేసింది. రింగయింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తడు, అది తెలిసిందే. ఎత్తితే ఏం చెప్పాలో కూడా తెలియదు. నాయనా, నీకు చచ్చినవాళ్ల ప్రార్థన చేశాను, వెనక్కి రా, సరిచేస్తాను అనాలా? చేతులు కడుక్కుని, గోడ వైపు తిరిగి మోకరించి, సరైన ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా చేసింది. నమ్మకం కుదరలేదు. ఇంకోసారి చేసింది.

శనివారమంతా చొక్కాల మీద మరకలు కనపడలేదు. సూపర్‌వైజర్ రెండుసార్లు తిట్టాడు. సాయంత్రం నేత్రావతికి ఊరికే చేసినట్టు ఫోన్ చేస్తే, "ఇప్పుడే హైదరాబాద్ దాటినాడంట అక్కా. ఎప్పుడూ పొద్దున్నే దాటేస్తా ఉండె. ఈసారి ఏమో లేటు" అంది. బతికే ఉన్నాడు. ప్రేమకుమారికి కాస్త ఊపిరి ఆడింది, కానీ ఆ లేటు అనే మాట మాత్రం ముల్లులా దిగింది.

ఆదివారం ఆరాధనకు ముందు పాస్టరుగారిని పక్కకు పిలిచి చెప్పింది. ఆయన ముందు నవ్వారు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నారు.

"సిస్టర్, దేవుడు మాటలు చూడడు. మనసు చూస్తాడు."

"మనసు కూడా అక్కడ లేదయ్యగారూ. నిద్ర ఉండింది, అంతే."

పాట మొదలైంది, ఆయన వెళ్లి మైకు పట్టుకున్నారు.

ఆరాధన అయిపోయి జనం మెట్లు దిగుతున్నారు. నేత్రావతి చాపల దగ్గరే కూర్చుండిపోయింది. చేతిలో ఫోను, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఓనరు బసవరాజు ఫోన్ చేసినాడక్కా. బండి కదలకుండా ఉండాదంట. నిర్మల్ దాటినాక, ఘాట్ మొదట్లో. తెల్లారి నాలుగింటి నుంచి ఆయన ఫోన్లో బండి జీపీఎస్ చుక్క ఆడనే ఉండాదంట. ఈయప్ప ఫోన్ స్విచ్చాఫ్. బండికేమాయె, నీ మొగుడు యాడ పాయె అని నన్ను అరుస్తా ఉండాడు. నాకేం తెలుస్తుందక్కా?"

ప్రేమకుమారి టైము చూసింది. పదకొండున్నర దాటింది. ఏడున్నర గంటలుగా కదలని చుక్క. ఇప్పుడైనా చెప్పకపోతే నేత్రావతి ముఖం ఇక చూడలేననిపించింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా ఆమె ఎదురుగా కూర్చుంది.

"నేత్రా, శుక్రవారం నేను చేసిన ప్రార్థన గుర్తుండాదా?"

"గుర్తుండాది. చానా బాగుండె అక్కా. ఎప్పుడూ క్షేమంగా చేర్చు, చేర్చు అంటావు కదా. ఆ రోజు దేవుడే తన దగ్గరికి చేర్చుకుంటాడంటివి. నా కండ్లల్లో నీళ్లొచ్చె."

"అది ప్రయాణ ప్రార్థన కాదమ్మా." ప్రేమకుమారి చూపు చాప మీదే ఉంది. "అది పోయినోళ్లకు చేసేది. సమాధి కాడ. పొద్దున్నుంచి అనసూయమ్మకు అదే చేసి చేసి, అలుపులో నోరు జారింది. నీ మొగుడికి చెయ్యరాని ప్రార్థన చేసినా."

నేత్రావతికి మొదట అర్థం కాలేదు. మందిరం భాష ఆమెకు ఇంకా కొత్త. సన్నిధి అంటే గుడి లాంటి మంచి చోటు అనుకుంది పాపం. అర్థమవుతున్న కొద్దీ చేతిలోని ఫోను ఒళ్లోకి దించింది. తిడుతుందేమోనని ప్రేమకుమారి తల వంచుకుని సిద్ధంగా కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"మరి నేను ఆమెన్ అంటినే!" అంది నేత్రావతి.

ప్రేమకుమారి ఆమె చెయ్యి పట్టుకోబోతే నేత్రావతి వెనక్కి లాక్కుంది. చాప అంచు పీకుతూ కూర్చుని, ఉన్నట్టుండి మోకాళ్ల మీదికి లేచింది.

"తిప్పి చెయ్యక్కా. వాపసు తీసుకో. ఇప్పుడే చెయ్యి. నేను గట్టిగా ఆమెన్ అంటా."

ప్రేమకుమారి మోకరించింది. కళ్లు మూసుకుంటే భయమేసి తెరిచే పెట్టుకుంది. ఏడేళ్లుగా నాలుక మీద ఆడిన మాటలు ఒక్కటీ రాలేదు. ప్రయాణం అందామంటే సమాధి గుర్తొచ్చింది, చేర్చు అందామంటే నోరు అక్కడే తడబడింది. చివరికి, "తండ్రీ, వాడు రావాలి" అంది. కాసేపాగి, "వాడు ఇంటికి రావాలి. తప్పు నాది. వాణ్ణి పట్టుకోవద్దు" అంది. నేత్రావతి ఏడుస్తూనే ఆమెన్ అంది. ఆ రేకుల కింద ఎండ మండిపోతుంటే ఇద్దరూ అలాగే మోకాళ్ల మీద ఉండిపోయారు. ఎవరూ మందిరం తలుపు వేయడానికి రాలేదు.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది. నేత్రావతి రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి ఎత్తింది.

"యాడుండావప్పా?" అని అరిచింది.

అవతల నుంచి ఓబులేష్ ఆవులింత స్పీకర్లో ఇద్దరికీ వినిపించింది. "ఘాట్ కాడ ఉండా. పడుకుంటి. ఓనరు ఊరికే ఫోన్ చేస్తా ఉంటాడని స్విచ్చాఫ్ చేస్తి. ఎందుకట్ల అరుస్తావు?"

నేత్రావతి అతన్ని కన్నడలో కొంత, తెలుగులో కొంత తిట్టి, ఫోన్ పెట్టేసి, చాప మీద బోర్లా పడి ఏడ్చింది. ప్రేమకుమారికి ప్రాణం లేచొచ్చింది. గోడకు చేరగిలబడి చాలాసేపు అలాగే కూర్చుంది. దేవుడికి స్తోత్రం చెప్పాలని ఉంది. ఆ మాటంటేనే ఇప్పుడు కొంచెం జంకుగా ఉంది.

ఓబులేష్ గురువారం తెల్లవారి తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం అయిదున్నరకే మళ్లీ మందిరం మెట్ల దగ్గర ఉన్నాడు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన ప్రేమకుమారి అతన్ని చూడగానే, క్షమించమని అడగాలని దారిపొడవునా అనుకున్న మాటలు మరిచిపోయింది.

"ఓబులేష్, ఆ రోజు నేను..."

"తెలుసక్కా. నేనూ వింటి." అతను నవ్వాడు. "పోయినేడు ఎవరో పెద్దాయన పెట్టె నేను టెంపోలో ఎక్కించుకుపోలేదా? ఆ పొద్దు గుంత కాడ నువ్వు ఇదే చెప్పితివి. నా తలకాయ మీద చెయ్యి పెట్టి అదే చెప్తా ఉంటే నాకు పై ప్రాణం పైనే పాయె."

"మరి అప్పుడే చెప్పకూడదా నాయనా?"

"ఎట్ల చెప్పేది? నువ్వే దేవుడితో మాట్లాడతా ఉంటివి. మధ్యలో తప్పు అనేదా? ఒకవేళ పైనుంచే అట్ల చెప్పమన్నారేమో అనుకుంటి." అతను చేతిలోని గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "బండెక్కినాక ఒకటే భయమక్కా. క్లీనరు ల్యాడు, ఈ కాలంలో యా ఓనరు పెడతాడు? ఒక్కణ్ణే. కండ్లు రవ్వంత మూత పడినా, అయిపాయె, ఇదే అది అనుకునేది. ఆపేసేది. పడుకునేది. లేచి టీ తాగి మళ్లీ నడిపేది. మళ్లీ ఆపేది. ఘాట్ కాడైతే ఎనిమిది గంటలు పడుకుంటి. డ్రైవరు పనిలో చేరినాక లోడు బండిలో అంతసేపు నిద్రపోయింది అదే మొదలు."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు ఏముండాది అక్కా? నువ్వు చెయ్యి పెడితివంటే నాకు ధైర్యం. నాగపూర్ దాకా రెండు రాత్రులు కన్ను మూయకుండా పోయేస్తా ఉంటి. కండ్లు మూతలు పడతా ఉన్నా ప్రేమక్క ప్రార్థన ఉండాది కదా, ఏం కాదులే అని తొక్కేది. ఓనరు కూడా అంటాడు, ఓబులేష్ అంత బిరీన ఎవుడూ చేర్చడని."

అతను గొప్పగానే చెప్పాడు. ప్రేమకుమారి మాత్రం గోడ పట్టుకుంది. ఇన్నేళ్లూ ఫోన్ పక్కన పెట్టుకుని తాను నిద్ర మానుకున్నది ఎవరికోసం? ఆ మనిషి కూడా అక్కడ నిద్ర మానుకుని నడిపాడు. తన చెయ్యి చూసుకునే నడిపాడు. సరిగ్గా చేసిన ప్రార్థనలన్నీ అతన్ని చావు అంచున పరుగెత్తించాయి. తప్పుగా చేసిన ఒక్కటి పడుకోబెట్టింది. ఆమెకు సిగ్గేసింది. ఆ వెనకే, ఈ ఏడేళ్లలో అతనికి ఎన్నిసార్లు చావు తప్పిపోయిందోనన్న ఆలోచన వచ్చింది.

"ఈసారి సరిగ్గా చెయ్యక్కా" అన్నాడు ఓబులేష్, తల వంచి. "మళ్లీ నాగపూరే. పోయినసారి లేటయిందని ఓనరు గోల గోల చేసినాడు. ఇంకోసారి లేటయితే బండి వేరేవాడికి ఇస్తాడంట. గట్టిగా ఒక మంచి ప్రార్థన చేసి పంపించు."

ప్రేమకుమారి చెయ్యి ఎత్తలేదు.

"నిన్న ఎంతసేపు పడుకున్నావు?"

"నిన్న యాడ పడుకునేది, దారిలో ఉంటి కదా."

"ఈ పొద్దు?"

"లోడు చేయించుకుంటా ఉంటి. పన్నెండింటికి ఒక గంట, బండి కిందనే."

"లోపలికి రా."

అతను వచ్చాడు. ఆమె ఒక చాప విప్పి, ఫ్యాను కింద పరిచి, ఇంకో చాప చుట్టి తలగడలా పెట్టింది. ఓబులేష్ అర్థం కానట్టు చూశాడు. ప్రార్థనకు కొత్త పద్ధతి ఏదో వచ్చిందనుకుని చెప్పులు విడిచాడు.

"పండుకో" అంది.

"అక్కా, ఆరింటికి బండి కదలాల. ప్రార్థన..."

"పండుకో ముందు. లేచినాక చేస్తా. నిద్ర ల్యానోడికి ఇంక నేను ప్రార్థన చెయ్యను. దేవుడి మీద భారం వేసి నువ్వు కండ్లు మూసుకుని నడిపేకి కాదు నేను చెయ్యి పెట్టేది."

ఆమె అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. ఓబులేష్ మొహమాటంగా నడుం వాల్చాడు. ఊరికే కాసేపు అన్నాడు. ఫోన్ గుండె మీద పెట్టుకున్నాడు. ఆ కాసేపు పూర్తికాకుండానే నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. ప్రేమకుమారి ఫోన్ తీసి పక్కన పెట్టి, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆరు దాటగానే ఫోన్ మోగింది. బసవరాజు. ఆమె మోగనిచ్చింది. ఆగి మళ్లీ మోగింది. ఓబులేష్ కదిలి పక్కకు తిరిగాడు. అతను లేస్తాడని ఆమె గబుక్కున ఎత్తింది.

"ఏయ్ ఓబులేష్, బండి ఇంకా కదలనే లేదే! యాడ సచ్చినావు?"

"మెల్లగా మాట్లాడప్పా" అంది ప్రేమకుమారి. "డ్రైవరు పడుకున్నాడు."

"పడుకున్నాడా? నువ్వెవరమ్మా?"

"ప్రయాణ ప్రార్థన చేసేదాన్ని."

"సరే, చేసి పంపించమ్మా తొందరగా. ప్రార్థనకు ఎంతసేపు?"

ప్రేమకుమారి నిద్రపోతున్న మనిషిని చూసింది. అతని జుట్టులో అదే రాతి పొడి.

"మొదలుపెట్టినానప్పా" అంది గొంతు తగ్గించి. "తెల్లారేదాకా పడుతుంది."